రెండు పళ్ళేల మలీదా

2016 అక్టోబరు 11న దసరా. తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటి అయింది కూడా ఆ రోజే. విలేకరికి అట్లాంటి రోజు పండుగ ఉండదు. పొద్దంతా కొత్త కలెక్టరేట్లు, రిబ్బన్లు, రంగు ఆరని బోర్డుల ఫొటోలు. సాయంత్రం అమ్మీకి ఫోన్ చేసి, "అమ్మీ, నీ మాయికా ఇప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా కాదు, నాగర్‌కర్నూల్ జిల్లా" అన్నాను. పెద్ద ఖబర్ చెప్పినట్టు అనుకున్నాను నేను. అమ్మీ మాత్రం, "జిల్లా కాఁ జాతా జానే దే. ఆతే వఖత్ గేహూఁ కా ఆటా లాకు ఆ. కల్ ఆషూరా హై నా" అని పెట్టేసింది.

అమ్మీ మాయికా దిండి వాగుకు అవతల, కల్వకుర్తి దిక్కు. ఇవతల మా ఊరు, దేవరకొండ దిక్కు, నల్లగొండలోనే మిగిలింది. రాత్రి పిండి సంచితో ఇల్లు చేరేసరికి బావర్చీఖానాలో ఒక స్టీలు పళ్ళెం, దాని మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఉంది. తీసి చూస్తే నల్లటి ముద్దలు నాలుగు. సజ్జ మలీదా. రెండు రోజుల కింద సద్దుల బతుకమ్మ ఆడివచ్చి పక్కింటి గౌండ్లోళ్ళ అత్తమ్మ ఇచ్చిపోయింది. మరునాడు మధ్యాహ్నం, ఫాతెహా అయినాక, అదే పళ్ళెంలో అమ్మీ గోధుమ రొట్టెల మలీదా పెట్టి, మీద రూమాలు కప్పి వాళ్ళింటికి పంపింది. మా దిక్కు ఖాళీ పళ్ళెం వాపసు ఇయ్యరు.

ఒకే వారంలో రెండు మలీదాలు రావడం ప్రతి ఏడూ జరిగే ముచ్చట కాదు. హిజ్రీ సాల్ పదకొండు రోజులు చిన్నది కాబట్టి ముహర్రం ఎండాకాలం నుంచి చలికాలం దాకా తిరుగుతూనే ఉంటుంది. కానీ లెక్క రెండిటిదీ చంద్రుడితోనే. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు, తొమ్మిదో రోజు సద్దులు, ఆ వెంటనే దసరా అంటే ఆశ్వయుజ దశమి. ఆషూరా ముహర్రం దశమి. నెలలు ఒకదాని మీద ఒకటి వచ్చాయంటే పదో రోజులు కూడా పక్కపక్కనే పడతాయి. 2015, 16, 17 మూడేళ్ళు వరుసగా అట్లా వచ్చాయి. అంతకు ముందు 1982, 83, 84ల్లో. మళ్ళీ రావాలంటే 2040ల చివరి దాకా ఆగాలి. ఎనభైల్లో నేను పసిపోరగాణ్ణి. అమ్మీకి మాత్రం బాగా యాద్ ఉంది. పీర్లచావిడి ముందర అలావా గుండం తవ్వి ఉంటే, నాలుగు అడుగుల అవతల ఆడోళ్ళు బతుకమ్మలు దించి ఆడారట. ఊర్లో కోమటాయన దుకాణంలో బెల్లం అయిపోయి, దేవరకొండ పోయి తెచ్చాడట.

మలీదా అంటే ఏమిటో నాకు ఏడో జమాత్‌లో తెలిసింది. అంతకు ముందు తెలియదా అంటే, తినడం తెలుసు. మా ఉర్దూ మీడియం స్కూల్లో ఒక ముసలి ఉస్తాద్ ఉండేవారు. సిలబస్‌లో లేకపోయినా శుక్రవారం జుమాకు ముందు పీరియడ్‌లో ఆమద్‌నామా తెచ్చి ఫార్సీ మస్దర్లు వల్లె వేయించేవారు. ఆమదన్ అంటే రావడం, రఫ్తన్ అంటే పోవడం. ఒక రోజు మాలీదన్ వచ్చింది. రుద్దడం, నలపడం, పిసకడం. "మాలిష్ ఇందులో నుంచే వచ్చింది, ఫాతెహా మలీదా కూడా ఇందులో నుంచే" అన్నారు. హజామ్ దుకాణంలో తల మాలిష్‌కీ ఇంట్లో తినే మలీదాకీ రిష్తేదారీ ఉందని క్లాసంతా పడి పడి నవ్వాం. ఉస్తాద్ కూడా నవ్వి, కశ్మీర్‌లో ఒక రకం ఉన్ని శాలువకు కూడా మలీదా అనే పేరు, నేసిన బట్టను నీళ్ళలో బాగా పిసికి మెత్తన చేస్తారు కాబట్టి, అన్నారు.

మలీదా అనే పేరులో రొట్టె లేదు, బెల్లం లేదు, నెయ్యి లేదు. ఉన్నది చెయ్యి చేసే పని ఒక్కటే. అందుకే కావచ్చు ఈ మాట ఎక్కడికి పోతే అక్కడ దొరికిన దినుసుతో కలిసిపోయింది. అఫ్ఘానిస్తాన్‌లో తీపి రొట్టె నలిపి చేసేదీ మలీదానే. కొంకణ్ తీరంలో, అలీబాగ్ చుట్టుపక్కల బెనె ఇస్రాయెల్ అనే యూదులు తరతరాలుగా ఉన్నారు. వాళ్ళు ఏలియా ప్రవక్త పేరు మీద, అంటే మన ఇలియాస్ అలైహిస్సలాం పేరు మీద, పెళ్ళికీ మన్నత్ తీరినప్పుడూ ఒక నజ్రానా పళ్ళెం పెడతారు. తడిపిన అటుకులు, చక్కెర, కొబ్బరి, పైన పండ్లు. దాన్ని కూడా మలీదా అనే అంటారు. రొట్టె పోయి అటుకులు వచ్చాయి, పేరు మాత్రం నిలబడింది. ఇక రొట్టె తుంచి కలుపుకుని తినే అలవాటు అరబ్బుల్లో ఎంత పాతదో చెప్పాల్సిన పని లేదు. మాంసం పులుసులో రొట్టె తుంచి చేసే సరీద్‌ను హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఇష్టపడేవారని హదీసులు చదివిన ప్రతి ఇంట్లో తెలుసు.

మన దక్కన్‌కు ఈ మాట రావడానికి పెద్ద దర్వాజా గోల్కొండ. ఖుతుబ్‌షాహీలు షియాలు. ఇరాన్‌తో రాకపోకలు, దర్బారులో ఫార్సీ. మహమ్మద్ ఖులీ 1591లో హైదరాబాద్ పునాది వేసి, ఆ దశాబ్దంలోనే బాద్షాహీ ఆషూర్‌ఖానా కట్టించాడు. అక్కడి నుంచి అలంలు పల్లెలకు నడిచాయి. ఆషూర్‌ఖానాలు చూసుకునే ముజావర్లకు ఇనాం భూములు వచ్చాయి. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. ఆ తర్వాత వచ్చిన ఆసఫ్‌జాహీలు సున్నీలు. అయినా పల్లెల్లో అలంలు దిగలేదు. అవి అప్పటికే పీర్లు అయిపోయాయి. కర్బలా కథ తెలుగులో పాట అయింది, యా హుసేన్ కేకలో దూలా కలిసి మా పోరగాళ్ళ నోట్లో 'అసోయ్ దూలా' అయింది. ముసల్మాన్ల ఇల్లు ఒక్కటి కూడా లేని ఊళ్ళలో దూదేకులవాళ్ళు, వాళ్ళూ లేని చోట వేరే కులాలవాళ్ళు పీర్లకు దట్టీలు కట్టి ఎత్తుకున్నారు. కవి అఫ్సర్ అనంతపురం జిల్లా గూగూడు పీర్ల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు, 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. నల్లగొండ, పాలమూరు పీర్ల మీద అట్లాంటిది ఒకటి రావాలని నాకు చాలా రోజుల ఆశ.

పుస్తకాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. దక్కన్ ముసల్మాన్ల రస్మోరివాజ్‌ల మీద మొదటి పెద్ద కితాబు రాసింది మన ఏలూరు మనిషే అంటే చాలామంది నమ్మరు. జాఫర్ షరీఫ్ ఆయన పేరు. హెర్‌క్లాట్స్ అనే డాక్టరు రాయించి, ఇంగ్లీషులోకి మార్చి, 1832లో లండన్‌లో 'ఖానూన్-ఎ-ఇస్లాం' అని అచ్చు వేయించాడు. పుట్టుక నుంచి మయ్యత్ దాకా అన్ని రస్ములు, ముహర్రం పది రోజులు, ఆషూర్‌ఖానా, అలావా, ఫకీర్ల వేషాలు, ఏ ఫాతెహాకు ఏం వండుతారు, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన రాసింది చదువుతుంటే ఎవరో రెండొందల ఏళ్ళ కింద మా చావిడి అరుగు మీద కూర్చుని నోట్ చేసుకున్నట్టు ఉంటుంది.

మరి పీర్ల నియాజ్ బతుకమ్మ పళ్ళెంలోకి ఎట్లా పోయింది? నా అందాజ్ చెప్తాను. పీర్ల దగ్గర ఫాతెహా అయినాక మలీదా తబర్రుక్‌గా ఊరందరి చేతిలో పడుతుంది. దీనికి భట్టీ అక్కరలేదు, హల్వాయి అక్కరలేదు, చక్కెర అక్కరలేదు. మా దాదీమా కాలంలో చక్కెర అంటే మెహమాన్ వచ్చినప్పుడు చాయ్‌లోకి, అంతే. పొయ్యి, పెనం, బెల్లం ఉన్న ప్రతి ఇంట్లో మలీదా అవుతుంది. మూడు నాలుగు రోజులు పాడు కాదు. చెరువు కట్ట మీద బతుకమ్మలు సాగనంపి, విస్తరి లేకుండా, గిన్నె లేకుండా, చేతిలో నుంచి చేతిలోకి పంచుకోవడానికి ఇంతకన్నా బాగా కుదిరేది ఇంకేముంది? అక్కడ సత్తుపిండ్లు పంచుకుంటారు, వాటి పక్కన మలీదా ముద్దలు. ఆడవాళ్ళ చేతులు రెసిపీని ఇచ్చిపుచ్చుకున్నాయి, మాటను కూడా తీసుకుపోయాయి. సజ్జలు, జొన్నలు పండే ఎగువ నేల కాబట్టి గోధుమ స్థానంలో సజ్జ రొట్టె వచ్చింది. ఫార్సీ మాట అని ఎవరూ అడగలేదు, చెప్పలేదు.

జపాన్‌లో ఇట్లాంటి కిస్సా ఒకటి ఉంది. 1569లో లూయిస్ ఫ్రోయిస్ అనే పోర్చుగీసు పాదిరి అక్కడి సర్దారు ఓదా నోబునాగాకు గాజు సీసాలో చక్కెర గుళికలు తోహ్ఫా ఇచ్చాడు. పోర్చుగీసులో వాటి పేరు కొన్‌ఫెయితో. జపాన్ నాలుక మీద అది కొంపేటో అయింది. ఇప్పుడు అది అచ్చమైన జపాన్ మిఠాయి. వేడి కడాయి వాలుగా తిరుగుతుంటే కొంచెం కొంచెం పాకం పోస్తూ దాదాపు రెండు వారాలు చేస్తారు, అప్పుడు గాని ఆ గుళిక చుట్టూ నక్షత్రం లాంటి మొనలు రావు. చక్రవర్తి ఖాందాన్ వేడుకల్లో వచ్చినవాళ్ళకు చిన్న వెండి డబ్బాల్లో పెట్టి ఇస్తారు. ఆ పేరు పరాయి దేశానిదని అక్కడి పుస్తకాల్లోనే రాసుకుంటారు. దానితో మిఠాయికి వచ్చిన లోటు ఏమీ లేదు.

ఇక అసలు పని గురించి. నేను వంట రాసేవాణ్ణి కాను, కానీ ఇది రాసిపెట్టకపోతే పోతుందనే భయంతో ఒక ముహర్రంలో అమ్మీ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. శేరు గోధుమ పిండికి అర శేరు బెల్లం. పిండి మరీ మైదాలా ఉండొద్దు, జర బరక. అందులో చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నెయ్యి వేసి రుద్ది, నీళ్ళు తక్కువ పోసి గట్టిగా కలపాలి. రోజూ తినే రొట్టె కన్నా రెండింతలు మందంగా ఒత్తాలి. మంట చిన్నది. పెనం మీద రొట్టె మీద నల్ల మచ్చ పడిందా, ఆ రొట్టె పక్కకు పోతుంది. మచ్చ ఉన్న రొట్టె పాలతో తినడానికి బాగుంటుంది కానీ చూరా చేస్తే ఆ మాడు చేదు మొత్తం ముద్దకు పాకుతుంది.

అసలు కిటుకు ఇక్కడ. రొట్టె దించగానే బట్టలో ఒక్క నిమిషం చుట్టి, ఆవిరి ఉండగానే తుంచాలి. అరచేతుల మధ్య పెట్టి రుద్దాలి, అదే మాలీదన్. వేళ్ళు కాలుతాయి. చల్లారే దాకా ఆగితే రొట్టె బిస్కెట్‌లా విరుగుతుంది, అప్పుడు మిక్సీ తప్పదు. మిక్సీలో వేస్తే పొడి అవుతుంది, పొడిలో బెల్లం వేస్తే లేహ్యం అవుతుంది. చేతితో నలిపిన చూరాలో అన్నీ ఒకే సైజు ఉండవు. రవ్వంత కొన్ని, శనగ బద్దంత కొన్ని. ఆ పెద్ద పలుకులే పంటి కింద రొట్టె అని చెప్తాయి. మిఠాయి దుకాణాల మలీదా తిన్నప్పుడు నాకు నచ్చనిది ఇదే. మెత్తగా, సాఫుగా, లడ్డూకి తమ్ముడిలా ఉంటుంది.

బెల్లం కరగబెట్టొద్దు. కత్తితో సన్నగా చెక్కి వెచ్చటి చూరాలో వేసి మళ్ళీ రుద్దాలి. ఆ వెచ్చదనానికి బెల్లం పైపైన మాత్రం కరిగి ప్రతి పలుకునూ పట్టుకుంటుంది. తర్వాత వెచ్చని నెయ్యి, ఖోప్రా తురుము, వేయించిన ఖస్‌ఖస్, దంచిన ఇలాయిచీ. పిడికిట్లోకి తీసుకుని ఒక్కసారి నొక్కాలి. అరచెయ్యి తెరిస్తే ముద్ద మీద నాలుగు వేళ్ళ గుర్తులు నిలవాలి, పెదవికి తగలగానే విడిపోవాలి. వేళ్ళ గుర్తు నిలవలేదంటే నెయ్యి ఎక్కువ, నొక్కుతుంటే పగిలిందంటే బెల్లం చాలలేదు. శేరు పిండికి ముప్పై ముద్దలు. మా ఖాలాల ముద్దలు ఒకే సినీలో కలిపి పెట్టినా ఎవరివి ఏవో అమ్మీ వేళ్ళ గుర్తుతో చెప్పేస్తుంది. పెద్ద ఖాలా పిడికిలి చిన్నది, చిన్న ఖాలా బొటనవేలు లోపలికి పెట్టి నొక్కుతుంది.

ఇదంతా రుచి చూడకుండా చేయాలి. నియాజ్ కాబట్టి వుజూ చేసుకుని మొదలుపెడతారు, ఫాతెహా అయ్యే దాకా నాలుక మీద వేయరు. తీపి సరిపోయిందా లేదా అని ఎట్లా తెలుస్తుంది అని అడిగాను. "హాత్ కు మాలూమ్ రహ్తా" అంది. తర్వాత పక్కింటి అత్తమ్మను అడిగితే, "ఎంగిలి చేస్తమా బిడ్డా, అమ్మకు పెట్టేది?" అంది. రెండిళ్ళ మధ్య గోడ ఒక్కటే, గోడకు రెండు దిక్కులా రుచి చూడకుండా మలీదా చేసే ఇద్దరు ఆడవాళ్ళు.

అత్తమ్మ సజ్జ మలీదా వేరే ఇల్మ్. సజ్జ పిండికి సాగే గుణం లేదు. వేడి నీళ్ళు పోసి కలిపి, చేత్తో తట్టి కాల్చాలి. ఆ రొట్టెను వేడిమీదే రోట్లో వేసి బెల్లంతో కలిపి రోకలితో దంచుతారు. దంచే కొద్దీ సజ్జలో నూనె పైకి వస్తుంది, అందుకే నెయ్యి కొంచెమే పడుతుంది. సజ్జ పిండి పాతబడితే చేదెక్కుతుంది కాబట్టి ఏ రోజుకు ఆ రోజు విసరాలి. నల్లగా, బరువుగా, పొగ వాసనతో ఉంటుంది. నిజం చెప్పాలంటే నాకు అదే ఎక్కువ ఇష్టం. అమ్మీకి తెలుసు, ఏమీ అనుకోదు.

హైదరాబాద్ మిఠాయిల తారీఫ్ రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మొజంజాహీ మార్కెట్ జౌజీ హల్వా, ముహర్రంలో బేకరీల ముందు దమ్ కే రోట్ కోసం లైన్లు, బంగారు నాణెం అచ్చు పడిన బాదం అష్రఫీ. వాటి మీద ప్రతి ఏడూ పేపర్లలో వస్తుంది, నేనూ రాశాను. ఉత్తర కర్ణాటకలో ముహర్రానికి గోధుమ పిండి, బెల్లంతో చోంగే చేస్తారు, చెక్కిన చెక్క మీద ఒత్తి పువ్వులు, గీతలు తెస్తారు. జపాన్‌లో చెర్రీ చెట్టు చెక్కతో చేసిన అచ్చుల్లో పొడి మిఠాయిలు ఒత్తినట్టే. మన మలీదాకు అచ్చు లేదు, దుకాణం పేరు లేదు, పిడికిలి ఒక్కటే ఉంది. అందుకే దాన్ని ఎవరూ హునర్ అనరు, ఇంట్లో ఆడోళ్ళ పని అంటారు.

చాలా ఏళ్ళ కింద, బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయిన కొత్తలో, అప్పుడు నేను పనిచేసే పేపర్‌లో సద్దుల నైవేద్యాల మీద ఒక కథనం రాశాను. పెరుగు సద్ది, పులిహోర సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, మలీదా. మలీదా దగ్గర ఒక్క వాక్యం పెట్టాను, ఇది ఫార్సీ మాట, పీర్ల పండుగలో కూడా ఇదే నియాజ్ అని. తెల్లారి పేపర్ తెరిస్తే కథనం మొత్తం ఉంది, ఆ వాక్యం లేదు. డెస్క్‌లో అడిగితే, "పండుగ పూట అవన్నీ ఎందుకన్నా" అన్నారు. కోపంతో అనలేదు, మంచిగానే అన్నారు. అదే ఎక్కువ తగిలింది. తగాదా పెట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఇటు మన దిక్కు వేరే. నా తమ్ముడు దమ్మామ్‌లో పన్నెండేళ్ళుగా ఉన్నాడు. నమాజీ, నిజాయితీపరుడు, ఇంటికి ఏ లోటూ రానీయడు. వాడి లెక్కన ఫాతెహా పెట్టిన మలీదా బిద్అత్, బతుకమ్మకు పెట్టిన మలీదా అసలే వద్దు. ఇంటి గ్రూపులో ఏదో ఒక ఆలిమ్ బయాన్ పంపుతాడు. అమ్మీ వింటుంది, మొత్తం వింటుంది, విని "మంచిగ చెప్పిండు" అంటుంది, ముహర్రం రాగానే గోధుమలు ఎండబెడుతుంది. ఏది తినాలి, ఏది తినకూడదు అనేది ఎవరి ఈమాన్ వాళ్ళది. ఆ బహస్‌లో నేను పడను, ఆ ఇల్మ్ కూడా నాకు లేదు. నాకు బాధ కలిగించేది ఒక్కటే. ఒక దిక్కు ఆ మాట మీది కాదు అంటున్నారు, ఇంకో దిక్కు ఆ ముద్ద మనది కాదు అంటున్నారు. ఇద్దరూ తీసేస్తే మిగిలేది రెండిళ్ళ మధ్య తిరిగే ఆ స్టీలు పళ్ళెం. తినకపోయినా సరే, అది ఎందుకు తిరిగిందో మన పిల్లలకు తెలిసి ఉండాలని ఇదంతా రాస్తున్నాను.

దర్గాల దగ్గర చూస్తే ఈ గొడవ ఇంకా అంతగా ముదరలేదు. పాలకవీడు మండలం జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకు జనవరిలో పోతే లంబాడా తండాల నుంచి ట్రాక్టర్లు వస్తాయి. కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ల దర్గాలో కందూరు పొయ్యిల పొగలో ఎవరు ఎవరో తెలియదు. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల దర్గాలే రెండూ. ఇప్పుడు ఒకటి సూర్యాపేటలో, ఒకటి రంగారెడ్డిలో. జిల్లా కాఁ జాతా జానే దే.

పోయిన ముహర్రానికి తమ్ముడు ఛుట్టీ మీద వచ్చాడు. అమ్మీకి రెండేళ్ళుగా వేళ్ళ కణుపులు వాచి పిడికిలి పూర్తిగా ముడుచుకోదు. వేడి రొట్టె పట్టుకుంటే కళ్ళలో నీళ్ళు వస్తున్నాయి. నా భార్య రొట్టెలు చేస్తోంది, నేను తుంచుతున్నాను, నా చూరా అమ్మీకి నచ్చడం లేదు. తమ్ముడు కాసేపు గడప దగ్గర నిలబడి చూశాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి కూర్చుని, "రొట్టె నలిపితే బిద్అత్ ఏం కాదులే" అని అరచేతులతో రుద్దడం మొదలుపెట్టాడు. వాడివి బలమైన చేతులు. అమ్మీ ఏమీ అనలేదు, బెల్లం వాడి దిక్కు జరిపింది. ముద్దలు కట్టేదాకా ఉండి, ఊదు వేసి ఫాతెహాకు పిలిచే వేళకు లేచి, చేతులు కడుక్కుని మస్జిద్‌కు పోయాడు. తిరిగి వచ్చాక పళ్ళేలు పంచి రమ్మంటే బండి తీశాడు. తను మాత్రం తినలేదు.

పక్కింటి అత్తమ్మ అంతకు ముందు ఎండాకాలంలోనే పోయింది. సద్దుల బతుకమ్మకు ఆమె కోడలు హైదరాబాద్ నుంచి వచ్చింది. ఉద్యోగం చేసే పిల్ల. రెండేళ్ళు దుకాణం నుంచి డబ్బాలో మలీదా తెచ్చిందట, ఈసారి ఇంట్లో చేద్దామనుకుంది. చేస్తే రాలేదు. మా ఇంటికి వచ్చి, "చాచీ, మా అత్తమ్మ ఎట్ల చేసేదో మీకు తెలుసా?" అని అడిగింది. అమ్మీ తల అడ్డంగా ఊపింది. తనకు గోధుమలదే తెలుసు, సజ్జలది ఎప్పుడూ చేయలేదు, తిన్నది మాత్రమే. అయినా ఆ పిల్ల చేయి పట్టుకుని వాళ్ళింటికి పోయింది. రోటి పక్కన పీట వేసుకుని కూర్చుంది. కోడలు రోట్లో రొట్టె, బెల్లం వేసి దంచింది. కొంచెం సేపటికి ఆపి చూపించింది, చాలా అని. అమ్మీ ముద్దను చూడలేదు. నలభై ఏళ్ళు గోడ ఇవతల నుంచి విన్న రోకలి చప్పుడు ఆమె చెవుల్లో ఉంది.

"ఇంకా దంచు బిడ్డా. మీ అత్తమ్మ ఇంత జల్దీ ఆపేది కాదు."